పాత గడియారమా? క్రొత్త గడియారమా?



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది, ముంజేత నిముడునంతటిది. అయినను దాని వెనుక నైదువందల యేండ్ల చరిత్రము గలదు. నేను ముప్పదిమూడేండ్లు పాఠశాలలో తెలుగును చరిత్రమును బోధించి విశ్రాంతి గొన్నవాడను. రాజుల పట్టాభిషేకముల తేదీలను పిల్లలచే వల్లె వేయించితిని గాని, కాలమును గొలుచు సాధనముల చరిత్రము నొక్కనాడైనను చెప్పి యెఱుగను. ఇటీవల మా యింట బుట్టిన యొక సమస్య నన్ను ఆ చరిత్రమును చదువునట్లు చేసినది. ముందు సమస్యను, పిమ్మట చరిత్రమును, తుదకు నేను చేసిన నిర్ణయమును మనవిచేసెదను.

మా కుమారుడు బెంగుళూరులో విద్యుద్యంత్రములు చేయు కర్మాగారమున నుద్యోగి. నా షష్టిపూర్తినాటికి వానికి సెలవు దొరకలేదు. ఆ కొఱత వాని మనస్సులో నుండిపోయినది. మొన్న సంక్రాంతికి వచ్చి, "నాన్నగారూ! మీకొక మంచి చేతిగడియారమును కానుకగా నీయదలచితిని. రెండింటిని చూచి వచ్చితిని. ఒకటి 1953 ప్రాంతపు ఒమేగా, మామయ్యతాతగారి దాని వంటిదే. రెండవది అదే సంస్థవారు ఇప్పుడు చేయుచున్న క్రొత్తది. పాతదాని వెల క్రొత్తదాని వెలలో నాలుగవ పాలు. ఏది తెమ్మందురు?" అని యడిగెను. పాతదాని వెలయే నా పింఛనులో కొన్ని మాసముల సొమ్ము. క్రొత్తదాని మాట చెప్పనక్కఱలేదు. వలదని యొక్కమాటతో త్రోసివేయవలసినదే. కాని వాడు "మామయ్యతాతగారి" పేరెత్తుటచే నా నోట మాట రాలేదు.

మా మేనమామ రైలుశాఖలో గార్డు. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన 1953వ సంవత్సరముననే ఆయన మదరాసులో ఒక ఒమేగా చేతిగడియారమును గొనెను. ముఖఫలకముపై సీమాస్టరు అను పేరుండెను. నేను బాలుడనై యుండగా దానిని నా చెవి యొద్ద నుంచి, చేయి కదల్చి వినిపించుచుండెను. లోపల నెవరో మెల్లగా తలుపు తట్టినట్లుండెడిది. 1979లో నాకు ఉపాధ్యాయ శిక్షణలో స్థానము దొరకినది. ఫీజునకు ధనము లేదు. మా తండ్రిగా రంతకు రెండేండ్లకు ముందే స్వర్గస్థులైరి. ఒకనాటి యుదయమున మామయ్య వచ్చి, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో నుంచెను. ఆయన ముంజేత గడియారముండవలసిన చోట ఎండ తగులని తెల్లని మచ్చ మాత్రము కనబడినది. అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు, ఆయన చెప్పలేదు. ఆ సొమ్ముతో నేను చదివితిని, ఉపాధ్యాయుడనైతిని. ఆ మచ్చ నేటికిని నా కన్నుల యెదుట నున్నది. మా కుమారున కీ కథ నేనే చెప్పితిని. ఇక చరిత్రమునకు వత్తము.

మన దేశమున కాలమును గొలుచుట క్రొత్తవిద్య కాదు. అహోరాత్రమున కఱువది గడియలు. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. గడియ కఱువది విఘడియలు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నిర్మలమైన నీటి తొట్టిలో విడిచినచో, అది పగలు రాత్రి కలిసి అఱువదిమార్లు మునుగునట్లు చేయవలెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. దీనినే మన పెద్దలు గడియకుడుక యనిరి. గడియారమను మాటలో గడియ యిప్పటికిని నిలిచియున్నది. భాస్కరాచార్యుని కుమార్తె లీలావతి వివాహమున ఆమె నగలోని ముత్యమొకటి జారి గిన్నె రంధ్రమున బడి ముహూర్తము తప్పినదను కథను మీరందఱు నెఱుగుదురు. ఆ కథ 1587లో ఫైజీ చేసిన పారసీకానువాదపు పీఠిక మూలమున వ్యాపించినదే గాని భాస్కరుడు చెప్పినది కాదు. అయినను అందొక సత్యమున్నది. సాధన మెంత చక్కనిదైనను, దానిలో నడ్డుపడునది యావగింజంతయైన జాలును.

గడియకుడుక కదలని యింటికే పనికివచ్చును. కాలమును వెంట గొనిపోవలెనన్నచో నీరు పనికిరాదు. పదునాఱవ శతాబ్ది యారంభమున జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున పీటర్ హెన్లైను మొదలగు తాళపు పనివారు చుట్టిన ఉక్కుస్ప్రింగు బలముతో నడచు చిన్న గడియారములను చేసిరి. వానికి గంటల ముల్లొక్కటియే యుండెడిది. నిమిషముల ముల్లుంచుటకు దగిన నమ్మిక వాని నడకకు లేదు. 1656లో హాలండు దేశపు పండితుడు హైగెన్సు గోడగడియారమునకు లోలకమును గూర్చెను. 1675లో నతడే జేబుగడియారమున ఇటునటు నూగు చిన్న చక్రమునకు వెండ్రుక వంటి సన్నని చుట్టస్ప్రింగు నమర్చెను. అంతకు ముందు దినమునకు అరగంటయో అంతకు మించియో తప్పుచుండిన గడియారము, అది మొదలు కొలది నిమిషములే తప్పుచుండెను. 1755 ప్రాంతమున ఇంగ్లండులో థామస్ మడ్జి అను నేర్పరి, ఆ చక్రము స్వేచ్ఛగా నూగుచు మిగిలిన యంత్రమును తన యూపులకు లోబఱచుకొను మీట నొకదానిని కల్పించెను. మా మామయ్య గడియారమున నున్నది ఆ మీట సంతతియే.

గడియారమనగానే స్విట్జర్లండు పేరేల చెప్పుదురు? పదునాఱవ శతాబ్దిని జెనీవా నగరమున కాల్విను అను మతాచార్యుని కట్టుబాట్లచే ఆడంబరమైన నగలు ధరించుట నింద్యమైనది. నగలు చేయు కంసాలులకు పని తగ్గినది. గడియారము నగ కాదు, పనిముట్టు; కనుక వారు దానివైపు మరలిరి. ఫ్రాన్సు నుండి మతకలహములకు జడిసి వచ్చిన పనివారు వారికి తోడైరి. పిమ్మట ఈ పని జూరా కొండల పల్లెలకు ప్రాకెను. అచ్చట శీతకాలమున నెలల తరబడి మంచు గప్పును, సేద్యము సాగదు. ఆ దినములలో రైతులు ఇంటి కిటికీ యొద్ద గూర్చుండి గడియారపు చిల్లరముక్కలను ఆకురాయితో నునుపుచేసి, మంచు కరగిన పిమ్మట నగరములకు గొనిపోయి యమ్మెడివారు. మన పల్లెలలో వేసవి నాళ్ల మగ్గము నేయుట వంటిదే యిది. ఆ కొండలలోని లా షో ద ఫోను అను నూర 1848లో లూయీ బ్రాంటు అను నిరువదిమూడేండ్ల యువకుడు అట్టి ముక్కలను కొని కూర్చి యమ్మసాగెను. అతని కుమారులు 1894లో ఒక చక్కని యంత్రమును చేసి దానికి గ్రీకులిపియందలి చివరి యక్షరమైన ఒమేగా యను పేరిడిరి. ఇంతకంటె మేలైనది లేదని వారి భావము. కాలక్రమమున ఆ పేరే సంస్థకు నిలిచినది.

రైలుబండి వచ్చిన పిదప గడియారము ప్రాణములను గాపాడు వస్తువైనది. 1891 ఏప్రిలున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున కిప్టను అను చోట రెండు బండ్లు డీకొని పలువురు మృతినొందిరి. ఒక బండిని నడపువాని గడియారము నాలుగు నిమిషములు వెనుకబడుటయే కారణమని తేలినది. అంతట వెబ్ బాల్ అను గడియారపు వర్తకుడు రైలు ఉద్యోగుల గడియారములకు కఠినమైన నియమముల నేర్పఱచెను. అట్టి గడియారము వారమునకు ముప్పది సెకండ్లకు మించి తప్పరాదని కట్టడి వచ్చినది. మన దేశమున చిరకాలము రైళ్లు మదరాసు కాలమును బట్టి నడచెను. 1906 జనవరి 1వ తేదీ నుండి భారతదేశమునకు ప్రామాణిక కాలము వచ్చినది. దానికాధారమైన ఎనుబదిరెండున్నర భాగల తూర్పురేఖ మన తుని ప్రాంతముననే పోవుచున్నది. మా మామయ్య గార్డగుటచే, ఆయన చేతనున్నది అలంకారము కాదని మీరు గ్రహింపవలెను.

గడియారము జేబునుండి చేతికెట్లు వచ్చినది? నేపుల్సు రాణి కొఱకు పారిసులో బ్రెగే యను నిపుణుడు 1810లో మొదలిడి 1812లో ముగించిన గడియారము ముంజేత ధరించుటకు చేసినదని యతని దుకాణపు లెక్కలలో నున్నది. అటుపిమ్మట నూఱేండ్ల వఱకు చేతిగడియారము స్త్రీల నగగనే యెంచబడెను. మగవాడు దానిని దాల్చిన నవ్వెడివారు. 1904లో విమానవిద్యలో మేటియైన సాంతోస్ దుమో, విమానము నడపుచు జేబులో చేయి పెట్టలేనని చెప్పగా, మిత్రుడు కార్త్యే అతనికి చేతికి గట్టు గడియారము చేసి యిచ్చెను. 1914లో మొదలైన మహాయుద్ధమున నవ్వులన్నియు నడగెను. కందకములలో నిలిచిన సైనికునకు ఒక చేత తుపాకి, రెండవచేత మఱియొకటి; నిర్ణయించిన నిమిషమున అందఱు నొక్కసారి లేవవలెను. జేబు వెదకుట కవకాశము లేదు. యుద్ధము ముగిసి యింటికి వచ్చినవాని చేతి గడియారమును జూచి నవ్వుట కెవ్వరికిని సాహసము లేకపోయినది.

చేతి కెక్కిన గడియారమునకు శత్రువులు పెక్కండ్రు: వేడి, దుమ్ము, చెమట, నీరు, దెబ్బ. వేడికి స్ప్రింగు గుణము మాఱుచుండగా, అట్లు మాఱని నికెలు ఉక్కును కనుగొన్న గియోము అను శాస్త్రజ్ఞునకు 1920లో నోబెలు బహుమాన మీయబడినది. నీటికి విరుగుడుగా 1926లో రోలెక్సువారు మరబిగించు కవచమును చేసిరి. 1927 అక్టోబరున మెర్సిడీస్ గ్లైట్స్ అను యువతి దానిని ధరించి ఇంగ్లీషు కాలువను ఈదినదని ప్రకటనలు చెప్పును. చరిత్రము చెప్పునది వేఱు. ఆ పర్యాయ మామె చలికి తాళలేక యీతను ముగింపకయే పడవ నెక్కినది. గడియారము చేత గాక మెడలో వ్రేలాడుచుండెను. అయినను గంటల తరబడి నీటిలో నుండియు నది నడచినది, అంతవఱకు సత్యము. ప్రకటనకును చరిత్రమునకును గల యీ యెడమును పాతవస్తువు గొనువారు మఱువరాదు. కీ యిచ్చు పనిని తప్పించి, చేతి కదలికచే తనంత తాను చుట్టుకొను చేతిగడియారమును 1924 ప్రాంతమున హార్వుడ్ అను నాంగ్లేయుడు చేసెను. అందొక చిన్న బరువు ఇటునటు నూగి స్ప్రింగులకు దగిలి మరలుచుండును. ఒమేగావారు 1948లో తమ శతవార్షికోత్సవమునకు వెలువరించిన సీమాస్టరునందును మొదట నీ పద్ధతియే యుండెను. బాల్యమున నేను విన్న తలుపు తట్టిన చప్పు డిదియే. ఈ సంగతి చదివిననాడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

శ్రోతలారా! ఇంతవఱకు చరిత్రమంతయు నొకేమార్గమున సాగినది. ఎక్కువ వెల పెట్టినవానికి ఎక్కువ నిజమైన కాలము దొరకెడిది. 1953లో మామయ్య పెట్టిన వెల సెకండ్లకు పెట్టినదే. 1969వ సంవత్సరపు డిసెంబరు 25వ తేదీని ఈ మార్గము విఱిగినది. ఆనాడు జపానులో సీకోవారు ఆస్ట్రాను అను చేతిగడియారమును విపణిలో నుంచిరి. అందు ఊగు చక్రము లేదు. చిన్న బ్యాటరీచే స్పందించు స్ఫటికపు ముక్క యున్నది. దాని తప్పు నెలకు ఐదు సెకండ్లు. బంగారు కవచముతో వెల 4,50,000 యెన్నులు. నాడు చిన్న మోటారు కారంత. కాని పదేండ్లలో అట్టి గడియారములు అతిచౌకయై సంతలలో రాసులుగా బడినవి. స్విట్జర్లండు గడియారపు పనివారి సంఖ్య 1970లో దాదాపు 90,000. 1980ల నడుమనాటికి 30,000 పైచిలుకునకు దిగినది. తరతరముల కొండపల్లెల విద్య యెట్లగునోయని వారు తల్లడిల్లిరి. మన దేశమున 1961 నుండి బెంగుళూరులో గడియారములు చేసి, పల్లెటూరి ఉపాధ్యాయుని చేతికిని నందించిన హెచ్.ఎం.టి. గడియారముల సంస్థకును ఈ వఱదనుండి తేఱుకొను శక్తి చాలలేదు. 2016లో దానిని మూసివేయ నిశ్చయించిరి.

మఱి స్ప్రింగు గడియారము చావలేదేల? స్విట్జర్లండువారు రెండు పనులు చేసిరి. 1983లో స్వాచి యను చౌకయైన స్ఫటికగడియారముతో చౌకవానిని చౌకతోనే యెదుర్కొనిరి. రెండవది, స్ప్రింగు గడియారమును కాలసాధనముగా గాక కళగను, వంశధనముగను అమ్మసాగిరి. కనుక నేటి వెలయందు సెకండ్లకు పెట్టునది మిక్కిలి స్వల్పము. తక్కినదంతయు పనితనమునకు, పేరునకు, తలపునకు. సంతలోని కొలది వందల రూపాయల గడియారము లక్షల గడియారముకంటె నిజమైన కాలము చెప్పును. ఈ మాట నొప్పుకొనని వర్తకుని యొద్ద ఏ గడియారమును గొనవలదు.

తలపునకు వెల యెంత? నటుడు పాల్ న్యూమను ధరించిన రోలెక్సు ఒకటి 2017 అక్టోబరున న్యూయార్కు వేలములో కోటి డెబ్బదియేడు లక్షల డాలర్లకు పైగా పలికినది. అట్టి గడియారములు లోకమున వేఱెన్నియో కలవు. వెల ఇనుమునకు కాదు. వెనుక భార్య చెక్కించి యిచ్చిన మాటకు, ఎవరి చేతినుండి యెవరి చేతికి వచ్చినదో చెప్పు సాక్ష్యమునకు. శాసనమును జూచునపుడు మేము మొదట నడుగునది యిదియే: ఇది యెచ్చట దొరకినది, ఎవరు చూచిరి, అక్షరములు తరువాత చెక్కినవి కావుగదా?

ఈ దృష్టితో నేను మా వానిని వెంటబెట్టుకొని వర్తకుని యొద్దకు బోయి, అతని యనుమతిచే పాత గడియారమును బెజవాడలో తండ్రినాటినుండి గడియారములు బాగుచేయు నొక వృద్ధుని యొద్దకు గొనిపోతిని. ఆయన కంటికి భూతద్దమును దగిలించుకొని చూచి, "పంతులుగారూ! ముఖమునకు తరువాత రంగు వేసినారు. నిమిషముల గీతలు చూడుడు. ఒకచోట దగ్గఱ, ఒకచోట దూరము. అడుగున స్విస్ అను మాట వంకరగా నున్నది" అనెను. వెనుక మూత విప్పి, లోని యంత్రముపై సంఖ్యను బట్టి అది 1960కి తరువాతిదని చెప్పెను. అనగా కవచమొక గడియారమునది, యంత్రమొక గడియారమునది, ముఖమీనాటిది. మూడు రాజ్యముల శాసనపు ముక్కలను అతికి ఒక శాసనమని చూపినట్లున్నది. వర్తకునకీ సంగతి తెలియునో తెలియదో నేను చెప్పజాలను. అతడు పేర్కొన్న సంవత్సరము మాత్రము నిజము కాదు.

అట్లని పాతవన్నియు నిట్టివే యనరాదు. ముఖము చెక్కుచెదరక, ముక్కలన్నియు తనవేయై, వాడినవా రెవరో తెలిసిన పాతగడియార మున్నచో అది మిక్కిలి గౌరవింపదగినది. దాని నేర్పరి ఒక్కడున్న చాలును, విప్పి శుభ్రపఱచి మరల నడిపింపవచ్చును. ఆనాటి గడియారపు చక్రము తఱచు గంటకు 18,000 మార్లు స్పందించును, దినమునకు 4,32,000, సంవత్సరమునకు పదునైదుకోట్లు దాటును. ఇంత పని చేయుదానికి కొన్నేండ్ల కొకసారి చమురు మార్చకున్న అరిగిపోక యేమిచేయును? మఱి దానితో కొన్ని జాగ్రత్తలున్నవి. పాత మూతలోని బిగువు సడలి యుండును. నీటి దగ్గఱకు గొనిపోరాదు. 1960కి పూర్వపు గడియారములలో చీకటిని వెలుగుటకు అంకెలపై రేడియము పూతను వేయుట కలదు. అమెరికాలో 1917 మొదలుగా ఆ పూత వేసిన బాలికలు కుంచెమొనను పెదవులతో సన్నము చేయుచు, ఆ విషము లోనికి బోయి దవడ యెముకలు శిథిలమై పలువురు మరణించిరి. నేడా పూత వెలుగదు. వెలుగకున్నను రేడియము చావలేదు. దాని బలము సగమగుటకు దాదాపు 1600 ఏండ్లు పట్టును. అట్టి గడియారమును ఇంట విప్పి గీకరాదు, పిల్లల కీయరాదు.

ఇక క్రొత్తది. 1970లలో ఇంగ్లండున జార్జి డేనియల్సు అను నేర్పరి, గియోము తరువాతి తరముల వారికిని తీరని చమురు రాపిడిని తగ్గించు క్రొత్త మీటను ఒంటరిగా కల్పించెను. పలుసంస్థలు దానిని ద్రోసిపుచ్చినవి. 1999లో ఒమేగావారు గ్రహించిరి. 2015 నుండి వారి గడియారములలో కొన్నింటిని స్విట్జర్లండు ప్రభుత్వపు కొలతల సంస్థవారు పరీక్షించి ముద్ర వేయుచున్నారు. దినమునకు సున్న నుండి ఐదు సెకండ్ల వఱకు ముందునకు పోవచ్చును గాని వెనుకబడరాదు. 15,000 గౌసుల యయస్కాంతశక్తిలో నుంచినను చెడరాదు. దీనికి కారణము వెండ్రుక స్ప్రింగు ఉక్కుది గాక సిలికానుది యగుట. పాత గడియారము అయస్కాంతము దగ్గఱకు బోయినచో ఆ స్ప్రింగు చుట్లు ఒకదాని నొకటి యంటుకొని నడక తప్పును. మా వాని యుద్యోగము విద్యుద్యంత్రముల నడుమ గదా! కాని క్రొత్తదానికిని కొఱత గలదు. ఆ సిలికాను స్ప్రింగు విఱిగినచో మా బెజవాడ వృద్ధుడు దానిని వంచి సరిచేయలేడు. సంస్థవారే క్రొత్తది వేయవలెను. పాతది నేర్పరి ననుసరించి బ్రతుకును. క్రొత్తది సంస్థ ననుసరించి బ్రతుకును.

ఇంత చదివియు నా మనస్సు తేలలేదు. మామయ్యగారి భార్య మా యత్తయ్య తొంబదియేండ్లకు సమీపించి తణుకు దగ్గఱి పల్లెలో నున్నది. ఆమె యొద్దకు బోయి, ఇన్నేండ్లు అడుగలేనిదానిని అడిగితిని. "అత్తయ్యా! నా చదువునకై ఆ గడియారమును అమ్మిననాడు మామయ్య బాధపడలేదా?"

ఆమె నవ్వి, "బాధ యెందులకు నాయనా? మరునాటి రాత్రి బండికి డ్యూటీ. వేళ తెలియక బండికి ఆలస్యమగునేమో యని మాత్రము ఆ రాత్రి నిద్రపోలేదు. స్నేహితుని యొద్ద ఒక హెచ్.ఎం.టి. తీసుకొని, నెలనెల కొంత తీర్చినాడు. అది చేతికి గట్టిన పిదప ఒమేగా మాట యెన్నడును తలపెట్టలేదు. ఉద్యోగము విరమించువఱకు అదియే. ఆ పెట్టెలో నున్నది, చూడుము" అనెను.

పెట్టెలో పట్టుచీరల నడుమ తెల్లని గుడ్డలో చుట్టియున్నది. కీ యిచ్చు జనత గడియారము. అద్దము గీతలు పడినది, పట్టీ పొడిపొడియైనది. నలువదియేండ్లకు పైగా నేను ఆయన పోగొట్టుకొన్నదానినే తలచితిని గాని, పిమ్మట ఆయన యేమి ధరించెనో ఒక్కనాడును చూచియుండలేదు. మామయ్యకు కావలసినది ఒమేగా కాదు, వేళ తప్పకుండుట. ఆ తెల్లని మచ్చపై నేను కట్టుకొన్న దుఃఖము నాదే గాని ఆయనది కాదు.

ఆ రాత్రి మా వానికి నిర్ణయము చెప్పితిని. "నాయనా! అతుకుల గడియారము వలదు. అది మామయ్యది కాదు. మామయ్యదాని వంటిదియు కాదు. నీకు అప్పు చేయక కొను శక్తి యున్నచో క్రొత్తదానినే కొనుము; కాని నీ చేతికే. నీ యంత్రముల నడుమ నిలుచునది అదియే. పాతదనము దుకాణములలో దొరకునది కాదు. ఒక యింట వాడగా వచ్చునది. దానిని కట్టుకొని నీవు ముప్పదియేండ్లు వేళకు పనిచేసినచో, నీ కుమారునికి పాతగడియారము దొరకును. శక్తి లేదేని మానుము. అందువలన నీ కాలము తఱుగదు. నాకు మాత్రము అత్తయ్య యనుమతించినచో ఈ జనతను బాగుచేయించి యిమ్ము."

అత్తయ్య అనుమతించినది. బెజవాడ వృద్ధుడు దానిని విప్పి, శుభ్రపఱచి, చమురు వేసి, క్రొత్త అద్దము బిగించెను. తీసికొన్న కూలి, వాడు కొనదలచిన గడియారపు పట్టీ వెలకుకూడ రాదు. దినమునకు అర నిమిషము వెనుకబడుచున్నది. ప్రతిదినము ప్రాతఃకాలమున కీ యిచ్చి రేడియోలో వార్తల వేళకు సరిచేసికొనుచున్నాను. మా వాడు క్రొత్తదానిని ఇంకను గొనలేదు, ఆలోచించుచున్నాననుచున్నాడు. ఆలోచింపనిండు.

మీ యిండ్లలోను ఇట్టి ప్రశ్న రావచ్చును. అప్పుడు మూడు సంగతులు విచారింపుడు. గడియారము ఎవరి చేత, ఏ పనిలో నుండవలెను? దాని ముక్కలన్నియు దానివేనా, ఎవరి చేతినుండి వచ్చినదో చెప్పు సాక్షి గలదా? చెడిననాడు బాగుచేయువా డెవడు, ఎంత దూరమున నున్నాడు? ఈ మూడింటికి సమాధానము దొరకినచో పాతదో క్రొత్తదో యను వివాదము చాలవఱకు తీఱును. ఆపై మీ యింటి పెట్టెలలోని చీరల మడతలను ఒకసారి చూడుడు. వెల కట్టి కొనబోవుదానికంటె మేలైనది అచ్చట కీ లేక నిలిచి యుండవచ్చును.

నాకిచ్చిన వేళ ముగియవచ్చినది. మామయ్య గడియారము అర నిమిషము వెనుకబడునది గావున, ముందుగనే విరమించుచున్నాను.